బొటనవేలికి నాలుగు రోజుల సెలవు

సోమవారం పొద్దున భీమేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు కూతురు సింధూజను ఎల్లారెడ్డి మీసేవకు తీసుకెళ్ళి, స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు బొటనవేలి ముద్ర వేయించాలి. పదింటికి ఆమెను కామారెడ్డి బస్సు ఎక్కించి కాలేజీకి పంపాలి. ఆ తర్వాత తన పిండి గిర్ని తెరిచి, అప్పటికే డబ్బాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకు తాను ఎంత పెద్ద పని చక్కబెట్టుకొచ్చాడో చెప్పుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది? ఏమీ లేదు, మధ్యలో భీమేష్ ఉన్నాడు, అంతే.

భీమేష్ గురించి ఇంత ధీమాగా మాట్లాడేది ఎవరని అడగకండి. ఈ కథ చెబుతున్నవాడు రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసేది ఆ మొహాన్నే. జరిగినదంతా 'నేను', 'నేను' అని చెప్పుకోవడానికి సిగ్గు కాబట్టి భీమేష్ అని పేరు పెట్టి చెబుతున్నాడు. మీరూ చూసీచూడనట్టు పోండి.

భీమేష్‌కు ఒక అలవాటుంది. పద్దెనిమిదేళ్ళుగా గిర్నిలో ఉన్నాడు. మిషన్ తిరుగుతుంటే ఎదుటివాళ్ళ మాట సగమే చెవిన పడుతుంది. మిగతా సగం తనే పూరించుకుని, "ఆఁ, సమజైంది తీయ్" అంటాడు. జొన్నలు మెత్తగా పట్టాలా, బరకగా పట్టాలా అన్నంత వరకు ఈ పద్ధతి బాగానే నడిచింది. దాంతో ధైర్యం పెరిగి, మిషన్ ఆగిన తర్వాత కూడా, పెళ్ళిలో, ఆస్పత్రిలో, ఇంట్లో, ఎవరు నోరు తెరిచినా సగం దగ్గరే తల ఊపడం మొదలుపెట్టాడు.

నిజం చెప్పాలంటే గిర్నిని ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. పాతికేళ్ళ కింద ఇంటర్ చదివేటప్పుడు భీమేష్‌కూ ఇదే సర్కారు స్కాలర్‌షిప్ రావాల్సింది. కౌంటర్ దగ్గర గుమాస్తా "ఫారం వెనకాల కూడా..." అంటుండగానే సమజైందని వచ్చేశాడు. ఫారం వెనకాల కూడా సంతకం పెట్టాలట. ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటింది, చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు సింధూజ డిగ్రీ రెండో ఏడు. ఆమె ఫీజు సర్కారు కడితేనే చదువు, లేదంటే బీడీల చాట ముందు కూర్చోవడమే. ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనరు గానీ ముగ్గురికీ తెలుసు.

మీసేవలో ఫరీద్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. సింధూజ వేలు పెట్టింది. మిషన్ ఎర్రగా వెలిగింది. తుడిచి పెట్టింది, మళ్ళీ ఎరుపే. కుడిచేతి వేళ్ళన్నీ అయ్యాయి, ఎడమచేతి వేళ్ళూ అయ్యాయి. మిషన్‌కు ఎరుపు తప్ప ఇంకో రంగు వచ్చినట్టు లేదు.

"అన్నా, చెల్లె వేళ్ళకు గీతలే లేవు. బీడీలు చేస్తదా ఏంది?" అన్నాడు ఫరీద్.

"కాలేజీకెళ్ళి వచ్చినంక వాళ్ళమ్మతోని కూసొని మూడొందలో, నాలుగొందలో చేస్తది."

"గదే మరి. ఆకు మడిచి మడిచి వేళ్ళు అరిగినయ్. శుక్రవారం ఆఖరి తారీఖు. నాలుగొద్దులు వేళ్ళకు రెస్టు ఇస్తే పడొచ్చు, లేకుంటే..."

"ఆఁ, సమజైంది తీయ్!"

"అన్నా, జర పూర్తిగ విను..."

"శుక్రవారం వస్తం తమ్మీ. సమజైంది!"

బయటికి వచ్చాక సింధూజ వెనక్కి చూసింది. "బాపూ, ఫరీదన్న ఇంకేందో చెప్తుండె."

"ఏం చెప్తడు? కొబ్బరినూనె రాయమంటడు. గంత మాత్రం నాకెరుక లేదా?"

పదింటి బస్సు పోయింది. పోతే పోనీ అనుకున్నాడు భీమేష్. బిడ్డ వేళ్ళు బాగుపడాలి, అది ముఖ్యం. ఇంటికి రాగానే తన పాత ధోవతి చింపి, సింధూజ రెండు చేతులకూ కొబ్బరినూనె పట్టించి, మణికట్టు దాకా కట్లు కట్టాడు. పని పూర్తయ్యేసరికి పిల్ల చేతులు రెండు పత్తి మూటల్లా ఉన్నాయి. అప్పుడు నడిమింట్లో నిలబడి హుకుం జారీ చేశాడు. శుక్రవారం దాకా ఈ పిల్ల ఆకు ముట్టదు, నీళ్ళు ముట్టదు, చీపురు ముట్టదు.

భార్య వినోద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. "మరి దాని వంతు బీడీలు ఎవరు చేస్తరు? గురువారం టేకేదారు మైసన్నకు బీడీ కట్టలు ఇయ్యాలె."

"నేను చేస్త."

"మరి గిన్నెలు?"

"నేనే తోముత."

"నీళ్ళు?"

"అన్నీ నేనే. బిడ్డ చదువు కన్నా ఎక్కువనా?"

వినోద చేతులు ఆగాయి. ఆ చేతులు ఆగడం భీమేష్ ఎప్పుడో తమ పెళ్ళిలో చూశాడు, మళ్ళీ ఇప్పుడే. "ఏమయ్యా, జర ఆగు. రేషన్ షాపుల నా వేలు గూడ..."

"సమజైంది! నీ వేళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందుగాల బిడ్డవి."

వినోద అతన్ని ఎగాదిగా చూసింది. నవ్వబోయి ఆపుకున్నట్టు కనిపించింది గానీ, భీమేష్ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు. ఆమె కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది.

మంగళవారం గిర్నికి వెళ్ళాక భీమేష్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. ఈ చేతులతో పిల్ల క్లాసులో రాయలేదు కదా, సారుకు ఒక మాట చెప్పడం మర్యాద. జొన్నలు పడుతుండగానే లెక్చరర్ జాన్ సారుకు ఫోన్ కలిపాడు.

"సార్, నేను సింధూజ బాపును. పిల్ల చేతులకు కట్లు కట్టినం. నాలుగొద్దులు ఏం రాపియ్యకుండ్రి సార్."

అవతల జాన్ సారు కంగారుపడ్డాడు. "అయ్యో, ఏమైందండీ? కాలిందా?"

మిషన్ గడగడలాడుతోంది. "ఆఁ, అదే సార్."

"రెండు చేతులా?"

"ఆఁ, రెండు సార్, రెండు."

"అయ్యయ్యో! అయితే పిల్లను పంపకండి. తగ్గేదాకా ఇంట్లోనే ఉంచండి."

'పంపకండి' అన్న మాట దగ్గర మిషన్ ఎందుకో కాసేపు నెమ్మదించింది. భీమేష్ మహా సంతోషపడ్డాడు. ఎంత మంచి సారు! బస్సులో రాడ్లు పట్టుకున్నా వేళ్ళు పాడవుతాయని తాను చెప్పకముందే గ్రహించాడు. సాయంత్రం సింధూజ "బాపూ, అటెండెన్స్ తక్కువైతది..." అంటే, "సారే పంపకన్నడు. నేను మాట్లాడిన గన్క గిట్ల అయింది, లేకుంటే ఎవరు వింటరు?" అని మీసం దువ్వాడు.

ఇక బీడీలు. మా దిక్కు బీడీలు చేసేది ఆడవాళ్ళు. మగవాళ్ళు కాలుస్తారు, ఉమ్మేస్తారు, ఇవాళ తంబాకు, అంటే లోపలి పొగాకు, బాగాలేదని తీర్పు చెబుతారు. అందుకని భీమేష్ చాటను గిర్నికి తెచ్చుకుని, మిషన్ వెనకాల ఎవరికీ కనబడకుండా కూర్చున్నాడు. మొదటి బీడీ బజ్జీ మిరపకాయంత లావు వచ్చింది. రెండోది కట్టగానే విప్పుకుంది. పదోదానికి కొంచెం బీడీలా కనిపించింది గానీ, ఈలోగా కత్తెర నొక్కి నొక్కి కుడి బొటనవేలికి బొబ్బ లేచింది. వినోద టీవీ చూస్తూ, పక్కింటావిడతో మాట్లాడుతూ, చాట వైపు చూడకుండానే రోజుకు ఏడెనిమిది వందలు చుడుతుంది. భీమేష్ నాలుక బయటపెట్టి, చెమటలు కక్కి, మధ్యాహ్నానికి ముప్పై ఒకటి చుట్టాడు. అప్పటికీ మగాడి పట్టుదల వదల్లేదు. ఒక చేత్తో మిషన్‌లో జొన్నలు, ఇంకో చేత్తో తంబాకు. ఏ చేతిది ఎక్కడ పడిందో ఆ చేతులకే తెలియాలి.

బుధవారం పొద్దున్నే దుర్గవ్వ ఖాళీ డబ్బాతో దిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం పాతికేళ్ళది.

"ఓ భీమేశా! నిన్న నా పిండిల ఏం కలిపినవురా?"

భీమేష్ చాటను కాలితో మిషన్ వెనక్కి నెట్టాడు. "ఏం కలుపుత అవ్వా? ఏం కలపలే."

"నా కోడలు ఒక్క ముక్క తిని బయటికి ఉరికింది. నా కొడుక్కు తల తిరిగింది."

"అవ్వా, తప్పయిపోయింది..."

"నేను మాత్రం మూడు రొట్టెలు తిన్న బిడ్డా! డాక్టరు బీడీ మానుమన్నప్పటి సంది గింత కమ్మటి తిండి తినలే. గసోంటి పిండే ఇంకో రెండు కిలోలు పట్టు."

పిండిలోకి తంబాకు పోయిందంటే, తంబాకులోకి పిండి వచ్చినట్టే. అది గురువారం పొద్దున, ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకుపోయే టేకేదారు మైసన్న కట్టలు చూసుకునేటప్పుడు బయటపడింది. మైసన్న ఒక కట్ట తీసి అరచేతిలో తట్టాడు. తెల్లటి పొడి రాలింది. అనుమానంగా ఒకటి వెలిగించి రెండు దమ్ములు లాగాడు.

"భీమేషన్నా, బీడీ కాలిస్తే బీడీ వాసన రావాలె. నాకు ఆకలైతుందేంది?" అని మొత్తం కట్టలు వెనక్కి తోశాడు. "వినోదక్క మొహం చూసి ఊకుంటున్న. ఇంకోసారి గిట్ల తెస్తే ఆమె బీడీ పని కార్డే పోతది."

తలవంచుకుని ఇంటికొచ్చిన భీమేష్, కనీసం గిన్నెలైనా తిన్నగా తోముదామని నల్లా దగ్గర కూర్చున్నాడు. బనీను, మోకాళ్ళ దాకా లుంగీ, మోచేతుల దాకా నురగ. అదే సమయానికి వాకిట్లోకి జాన్ సారు వచ్చాడు. ఆయన వెనక సింధూజ క్లాసు అమ్మాయిలు ఎనిమిది మంది. ఒకరి చేతిలో అరటిపళ్ళు, ఒకరి చేతిలో బత్తాయిలు, ఒకమ్మాయి చేతిలో కాలిన గాయాల మందు. కామారెడ్డి నుంచి లింగంపేట అడవి దాటి బస్సులో నిలబడి వచ్చారు పాపం, అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

సింధూజ అరుగు మీద కూర్చుని మోచేత్తో పుస్తకం పేజీ తిప్పుకుంటోంది.

"ఎలా ఉందమ్మా? మంట తగ్గిందా?" అన్నాడు సారు, గొంతు తగ్గించి.

"ఏం మంట సార్?"

"చేతులు కాలాయి కదా."

"ఎవరివి సార్?"

అందరూ నల్లా వైపు తిరిగారు. అక్కడ భీమేష్ ఒక గిన్నెను దాని జన్మలో ఎరగనంత శ్రద్ధగా రుద్దుతున్నాడు. వినోద లోపలి నుంచి వచ్చి, కూతురి కట్లు విప్పింది. చేతులు బంగారంలా ఉన్నాయి. నూనె మాత్రం వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

జాన్ సారు నవ్వలేదు. అదే భయపెట్టింది. "భీమేష్ గారూ, స్కాలర్‌షిప్ నిలవాలంటే డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలి. ఈ అమ్మాయికి డెబ్బై ఆరు ఉండేది. ఈ నాలుగు రోజులతో డెబ్బై నాలుగయింది. కాలిన గాయం కదా, డాక్టర్ సర్టిఫికెట్ పెడితే మినహాయిస్తారని ప్రిన్సిపాల్ గారితో నేనే మాట్లాడి వచ్చాను. ఇప్పుడు ఆయనకు ఏం చూపించాలి?"

నల్లా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

"వేలు పడకుంటే వేలు తప్పు అనుకుందుము. గిది ఎవరి తప్పు?" అంది వినోద. ఆమె గొంతులో కోపం కన్నా ఏడుపే ఎక్కువ ఉంది.

సింధూజ మాత్రం కట్టు గుడ్డలు మడతపెడుతూ, "పోనీ తీయ్ అమ్మా. బాపు నా మంచికే చేసిండు" అంది. తిట్టినా బాగుండేది. పాతికేళ్ళ కింద కౌంటర్ మూసేసిన రోజు భీమేష్ తనకు తాను చెప్పుకున్న మాట కూడా అదే, పోనీ తీయ్. ఆ పోయింది మళ్ళీ రాలేదు. ఇప్పుడు అదే మాట కూతురి నోట విని అతను చేతిలోని గిన్నె అక్కడే వదిలేసి లేచాడు.

"సార్, ఏం జేస్తే నిలుస్తది? కాళ్ళు పట్టుకొమ్మంటే పట్టుకుంట."

"కాళ్ళెందుకండీ? జరిగింది జరిగినట్టు రాసి..."

"సమ..." అన్నాడు భీమేష్. వినోద చూసిన చూపుకు మిగతా అక్షరాలు గొంతులోకి వెళ్ళిపోయాయి.

బొబ్బెక్కిన వేలితో కలం పట్టడం కుదరలేదు. అందుకని భీమేష్ చెబుతుంటే సింధూజ రాసింది. నాలుగు రోజుల విశ్రాంతి తర్వాత ఆ చేతులు చేసిన మొదటి పని తండ్రి తెలివితక్కువతనాన్ని గుండ్రటి అక్షరాల్లో పెట్టడం.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. మా అమ్మాయి చేతులు కాలలేదు, వాటికి ఏ రోగమూ లేదు. మీసేవలో చెప్పింది సగం విని నేనే కట్లు కట్టాను. సారు అడిగింది సగం విని కాలిందని నేనే ఒప్పుకున్నాను. ఈ నాలుగు రోజుల గైర్హాజరుకు కారణం నా బుర్ర. దానికి డాక్టర్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారో తెలియక జతచేయలేదు. దయచేసి శిక్ష నాకు వేసి, హాజరు అమ్మాయికి వేయగలరు."

సంతకం చోట ఎడమ బొటనవేలికి సిరా పూసి ముద్ర వేశాడు. అది ఒక్క గీత కూడా చెరగకుండా, అచ్చు వేసినట్టు పడింది. వినోద ఆ ముద్రను చూసి, తన బొటనవేలిని చూసుకుంది.

శుక్రవారం మొదటి బస్సుకే తండ్రీ కూతుళ్ళు కామారెడ్డి వెళ్ళారు. ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నాడంటే మధ్యాహ్నం రెండింటి దాకా వరండాలో నిలబడ్డారు. చివరికి ఉత్తరం లోపలికి వెళ్ళింది. తర్వాత లోపల ఒక కుర్చీ కిర్రుమంది, ఎవరో పగలబడి నవ్వారు. ప్రిన్సిపాల్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"నా సర్వీసులో చాలా మెడికల్ సర్టిఫికెట్లు చూశానయ్యా. ఇంత నమ్మదగ్గ జబ్బు ఒక్కదాంట్లోనూ లేదు," అని మినహాయింపు కాగితం మీద సంతకం పెట్టాడు. సింధూజ వచ్చే రెండు ఆదివారాలు ప్రాక్టికల్స్‌కు రావాలన్నాడు.

తిరుగు బస్సు లింగంపేట దగ్గర గేదెల మంద వెనకాల గేదెలాగే నడిచింది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి బస్సులో కాలు పెట్టే చోటు కూడా లేదు. భీమేష్ ఒంటికాలి మీద నిలబడి, పక్కవాడి గడియారాన్ని చూస్తూ చెమటలో తడిసిపోయాడు. అయిదింటికి మూసే మీసేవ ముందు దిగేసరికి అయిదుకు పది నిమిషాలు.

"ఎక్కడ పోయినవ్ అన్నా? మంగళవారం సంది చూస్తున్న!" అన్నాడు ఫరీద్.

సింధూజ వేలు పెట్టింది. ఎరుపు. నాలుగు రోజులు నానిన నూనెకు వేలు అద్దం మీద జారిపోతోంది. ఫరీద్ గుడ్డతో తుడిచాడు. ఎరుపు. "చెల్లె, తొక్కు జాడిల చెయ్యి పెట్టి వచ్చినవా?" మళ్ళీ ఎరుపు.

భీమేష్ ఫరీద్ బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేదు. "తమ్మీ, ఏదన్న జెయ్యి. నా చదువు నా నోటికే పోయింది. దాని చదువు గూడ నా వల్లనే పోతే నేను దాని మొహం చూడలేను."

"అరె, ఏడుస్తవేందే? చెల్లె, వేలు తీసేయ్. గిట్ల కన్ను పెట్టు," అని ఫరీద్ నల్లటి చిన్న డబ్బా ఒకటి ముందుకు జరిపాడు. సింధూజ దాంట్లోకి చూసింది. మిషన్ కీచుమని పచ్చగా వెలిగింది. అయిపోయింది. రసీదు బయటికి వచ్చింది.

భీమేష్ నోరు తెరుచుకునే ఉంది. "గిది... గిది ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం. సోమవారం గదే కదా చెప్తుంటి? రెస్టు ఇస్తే పడొచ్చు, లేకుంటే రేపు కన్ను మిషన్ వస్తది, వేలుతోని పనే లేదు అని. నువ్వు 'లేకుంటే' కాడనే ఉరికినవ్."

"ఫోన్ చేయకపోతివి!"

"చేసిన. ఎత్తి 'ఆఁ, సమజైంది' అని పెట్టేసినవ్."

ఇంటికి వచ్చేసరికి వినోద చాట ముందేసుకుని, వెనక్కి వచ్చిన కట్టలన్నీ విప్పి మళ్ళీ చుడుతోంది. సింధూజ రసీదు చూపించగానే దాన్ని కళ్ళకు అద్దుకుంది. భీమేష్ గోడకు ఆనుకుని కూలబడి, తన మీద తనే నవ్వుకుంటూ కన్ను మిషన్ సంగతి చెప్పాడు. వినోద ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నేను ఆరేండ్ల సంది రేషన్ షాపుల కన్నే పెడుతున్న. నా వేలు ఎన్నడో అరిగిపాయె."

భీమేష్ నవ్వు ఆగిపోయింది. "అంటే కన్ను పెడితే చాలని నీకు ఎరుకనా? మరి సోమవారమే చెప్పకపోతివి!"

"చెప్పబోతే సమజైందంటివి. శుక్రవారం ఎట్లయినా ఫరీద్ కాడికే పోతరు, ఆయనే పెట్టిస్తడనుకున్న. కాలేజీ సంగతి గిట్లయితదని ఎరుకైతే నీ నోట్ల గుడ్డ పెట్టి అయినా చెప్తుంటి."

"మరి నాలుగొద్దులు నాతోని గిన్నెలు, బీడీలు ఎందుకు చేపిచ్చినవే?"

వినోద చేతిలోని కట్టకు దారం బిగించి, కొస తెంపింది. అతని బొబ్బెక్కిన వేలిని పట్టుకుని ఒకసారి తిప్పి చూసింది. "ఇరువై ఏండ్ల సంది నా చేతులు గుంజుతున్నయంటే నువ్వు సగం గూడ వినలే. చేస్తెనన్న ఎరుకైతదని ఊకున్న. ఇగ లెవ్వు, నల్లా వచ్చింది, గిన్నెలు నానుతున్నయ్."

ఆ మాట మాత్రం భీమేష్ చివరిదాకా విన్నాడు.